సుమతి తప్పుగా దించిన రేవు దారి

పాత పటాలంటే చాలామందికి భక్తి. గోధుమరంగు కాగితం, వంకులు తిరిగిన అక్షరాలు కనిపిస్తే చాలు, అందులో ఉన్నదంతా నిజమని చేతులు కట్టుకుంటారు. సుమతికి ఆ జబ్బు లేదు. అమలాపురం సర్వే ఆఫీసులో ఆరేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన మనిషి. పటం అంటే ఎవరో ఒకరు ఎండలో నడిచి, తిట్టుకుంటూ గీసిన కాగితమని ఆవిడకు తెలుసు. గీసినవాడికి జీతం అందిందా, లంచం అందిందా, ఆకలేసిందా అన్నది కూడా ఆ గీతల్లోనే ఉంటుందని తెలుసు.

2006లో దామోదర్‌ను పెళ్ళి చేసుకుని న్యూజెర్సీ వచ్చింది. దామోదర్ ఒక ఇన్సూరెన్సు కంపెనీలో కాంట్రాక్టు మీద ప్రోగ్రామర్. కాపురం సముద్రం ఒడ్డున ఉన్న ఒక కౌంటీలో. జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్లలో దొరికే తెలుగు సందడికి అక్కణ్ణుంచి గంటన్నర డ్రైవ్. సుమతిది హెచ్-4 వీసా. అంటే మొగుడి వీసాకు తోక. జీతం వచ్చే పని ఏదీ చేయకూడదు. "హాయిగా రెస్ట్ తీసుకో" అన్నారు అందరూ. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషికి రెస్టేమిటో వాళ్ళు చెప్పలేదు.

వంట నేర్చుకుంది, డ్రైవింగ్ నేర్చుకుంది. రెండేళ్ళకు విసుగెత్తి, ఊరి చరిత్ర సొసైటీ తలుపు కొట్టి, పని ఉంటే ఉచితంగా చేస్తానంది. హెరాల్డ్ అని, రిటైరైన హైస్కూల్ టీచరు దానికి అధ్యక్షుడు. మంచివాడే. కాకపోతే విరాళాలిచ్చేవాళ్ళ ముందు ఆయన గొంతు సగానికి సగం తగ్గిపోయేది.

సొసైటీ పంతొమ్మిదో శతాబ్దపు కౌంటీ పటాలన్నీ కలిపి ఒక పుస్తకం వేయాలనుకుంటోంది. ముఖ్యమైనవి మూడు. 1831లో రోడ్లు కొలిచి గీసినది, 1849 నాటి తీరం చార్టు, 1872 అట్లాసు. ఆ అట్లాసు గుట్టును సుమతి మొదటిరోజే పట్టేసింది. ముందుగా చందా కట్టినవాళ్ళ ఇళ్ళకు మేడలు, చెట్లు, గుర్రపు బళ్ళు కూడా గీశారు. కట్టనివాళ్ళ ఇల్లు చుక్క. అందరికీ చెందిన రేవు చందా కట్టలేదు కాబట్టి అసలు లేదు. దాని మీదుగా పక్క భూస్వామి పేరు దర్జాగా పడుకుని ఉంది.

ఆవిడ పని ఈ పటాలను ఇవాళ్టి శాటిలైట్ బొమ్మ మీదికి దించడం. పాత పటంలో ఒక చోటు నొక్కాలి, కొత్త బొమ్మలో అదే చోటు నొక్కాలి. అలా పది చోట్లు చూపిస్తే కంప్యూటరు పాత పటాన్ని లాగి కొత్తదాని మీద పరుస్తుంది. ఏ చోట్లు నొక్కాలి? ఒడ్డు మలుపులు తేలిగ్గా గుర్తుపట్టవచ్చు, వాటిని తీసుకోండి అని సొసైటీవారి నాలుగు పేజీల సూచనల్లో ఉంది. సుమతి అలాగే చేసింది. వాళ్ళ సముద్రం, వాళ్ళ ఒడ్డు, వాళ్ళ సూచనలు. కొత్త కోడలు అత్తగారి వంటింట్లో ఉప్పు ఎంతెయ్యాలో అడిగినట్టు, తనకు తెలిసినది కూడా తెలియనట్టు నడుచుకుంది. 1831 పటం దించి, మూలన 'దించినది: సుమతి' అని టైపు చేసి, గర్వంగా ఇంటికి వెళ్ళింది.

శనివారాలు మొగుడూ పెళ్ళాలు అట్లాసులో లేని ఆ రేవుకే వెళ్ళేవారు. పెద్ద రేవేమీ కాదు. అరెకరం ఇసుక, నాలుగు కుళ్ళిన గుంజలు. కోడి మెడ దారానికి కట్టి నీళ్ళలో వేస్తే నీలం పీతలు పట్టుకు వేలాడేవి. పదిమంది ఊరివాళ్ళు, ఇద్దరు తెలుగువాళ్ళు, అందరికీ ఒకటే బురద. ఆ దేశంలో ఎవరి అనుమతీ అడక్కుండా సుమతి కాలు పెట్టగలిగిన చోటు అదొక్కటే.

2009 మే నెలలో ఒక శనివారం రేవు గుంజకు ఒక నోటీసు కనిపించింది. పక్క స్థలం ఆసామి కంచె వేసుకుంటానని కౌంటీకి అర్జీ పెట్టాడు. ఈ దారి ఎన్నడూ ప్రజలది కాదు, 1831 పటంలో ఉన్న రేవు దారి ఇది కానే కాదు, అది దక్షిణాన మూడు వందల అడుగుల అవతల చిత్తడిలో ముగుస్తుంది, పడవ ఆగలేని చోట రేవు గీసిన పటాన్ని నమ్మలేము అని అందులో ఉంది. రుజువుగా ఒక పటం జతచేశారు.

దామోదర్ వంగి చూశాడు. "ఇదేంటే, కింద నీ పేరుంది?"

సుమతి చేతిలోని బకెట్టు కింద పెట్టింది. పటం ఆవిడదే.

సోమవారం పొద్దున సొసైటీకి వెళ్ళి ఫైలు తెరిచింది. ఒడ్డు మలుపులు ముచ్చటగా కలిశాయి. చర్చి మాత్రం మూడు వందల అడుగులు జరిగి ఎవరిదో పెరట్లో ఉంది. నాలుగు రోడ్ల కూడలి కూడా అంతే. చర్చి నడవదు. నడిచింది ఇసుక. నూట డెబ్బై ఎనిమిదేళ్ళలో ఒడ్డు నుంచి ముక్కులా పొడుచుకొచ్చిన ఇసుకను అలలు దక్షిణానికి తోసుకుపోయాయి. ఆవిడ ఇప్పటి ముక్కును అప్పటి ముక్కు అనుకుని, దానితోపాటు కౌంటీ మొత్తాన్నీ ఈడ్చుకుపోయింది.

గోదావరి లంకలు కొలిచే ఆఫీసులో ఈ తప్పు ఎవరూ చేయరు. ఏటికేడాది లంక కరుగుతుంది, ఇంకోచోట తేలుతుంది. కొలత గొలుసు లాగే వీరభద్రరావు అనే ముసలి చైన్‌మన్ కొత్తవాళ్ళకు మొదట చెప్పే మాట ఒకటే. "గట్టు గోదారిదమ్మా, రాయి సర్కారుది. రాయి పట్టుకో." తెలిసి తెలిసి ఆవిడ గట్టు పట్టుకుంది.

హెరాల్డ్‌కు చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ పటం అడిగి తీసుకెళ్ళిన అర్జీదారే సొసైటీ పైకప్పు బాగుచేయించాడనీ, విచారణ అయ్యాక ఫైలు నిదానంగా సరిచేసుకోవచ్చుననీ అన్నాడు.

"విచారణ అయ్యాక కంచె ఉంటుంది, రేవు ఉండదు" అంది సుమతి.

ఇంట్లో సంగతి ఇంకోలా ఉంది. "గ్రీన్ కార్డ్ లేబర్ స్టేజ్‌లో ఉంది మన ఫైలు. ఇప్పుడు కౌంటీతో గొడవ అవసరమా?" అన్నాడు దామోదర్.

"మన ఫైలు కాదు, నీ ఫైలు. నా ఫైలు అక్కడ గుంజకి అంటించి ఉంది."

తెలుగు సంఘం అధ్యక్షుడు లక్ష్మీనారాయణ గారు ఫోన్ చేశారు. ఎవరు చెప్పారో తెలియదు. "మనం గెస్టులం తల్లీ. లో ప్రొఫైల్‌లో ఉండాలి."

"గెస్టు దొంగ సాక్ష్యం చెప్పి ఊరుకోవచ్చా అంకుల్?"

"నువ్వేం చెప్పావమ్మా, ఊరికే కంప్యూటర్‌లో చేశావు."

"కింద పేరు మాత్రం కంప్యూటర్‌ది కాదండీ."

వినయం మన సంఘాల్లో పెద్ద సుగుణం. దండ వేస్తారు, శాలువా కప్పుతారు. పక్కవాడి దారి మూసుకుపోతున్నప్పుడు అది కంచె గుంజలా నిలబడుతుందని మాత్రం ఏ సభలోనూ చెప్పరు.

1831 పటంలో దూరాలు గొలుసుల్లో ఉన్నాయి. గొలుసుకు అరవై ఆరు అడుగులు, అందులో వంద లింకులు. సొసైటీలో అందరూ వాటిని లెక్కగట్టి అడుగుల్లోకి మార్చుకునేవారు. సుమతికి మార్చుకోనక్కర్లేదు. ఇంగ్లీషువాడు ఆ గొలుసునే ఇక్కడా ఈడ్చాడు, గోదావరి జిల్లాలోనూ ఈడ్చాడు. అమలాపురంలో పొలం గట్టు తగాదా ఇప్పటికీ లింకుల్లోనే తెగుతుంది. చర్చినీ, కూడలిలో పాతిన పాత సర్వే రాళ్ళనూ ఆధారం చేసుకుని పటాన్ని మళ్ళీ దించింది. దారి చివర సరిగ్గా గుంజల దగ్గరికి వచ్చి ఆగింది. ఈసారి కంప్యూటరును నమ్మబుద్ధి కాలేదు. హార్డ్‌వేర్ షాపులో నైలాన్ తాడు కొని, అరవై ఆరడుగులకు కోసింది.

"రెండో కొస ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు దామోదర్.

"ఎవరూ లేకపోతే మేకు కొట్టుకుంటాను."

"నేనే పట్టుకుంటాలే. సాగదీసి పట్టుకోమని తిట్టకు."

తిట్టింది. కూడలి రాయి నుంచి నలభై ఒక్క గొలుసుల ముప్ఫై లింకులు అని పటం చెప్పింది. ఇద్దరూ ఆదివారం పొద్దున రోడ్డు పక్కన వంగుతూ లేస్తూ అంత దూరమూ కొలిచారు. కుక్కను తిప్పుతున్న ఒకాయన ఏం పోయిందని అడిగాడు. "రేవు" అంది సుమతి. చివరి కొస మొదటి గుంజకు నాలుగడుగుల ఇవతల పడింది.

జూన్‌లో కౌంటీ బోర్డు ముందు విచారణ. మాట్లాడటానికి ప్రజలకు మనిషికి మూడు నిమిషాలు. అర్జీదారు లాయరు పటం పైకెత్తి, ఈ పేరు మీదేనా అని అడిగాడు.

"నాదే. ఈ పటం తప్పు."

అలా చెప్పడానికి మీకున్న అర్హత ఏమిటని అడిగాడు.

"దీన్ని పాడుచేసింది నేనే. నాకంటే అర్హత ఇంకెవరికుంటుంది?"

వెనక కుర్చీల్లో నవ్వులు. లాయరు నవ్వలేదు. ఒకసారి పొరబడిన మనిషి రెండోసారి చెప్పింది బోర్డు ఎందుకు నమ్మాలన్నాడు.

"నన్ను నమ్మొద్దు. రాయి దగ్గర్నుంచి కొలవండి. తాడు కార్‌లో ఉంది."

బోర్డువాళ్ళు తాడు తెప్పించలేదు కానీ, కౌంటీ ఇంజినీరును పంపించారు. ఆయన తన పరికరాలతో కొలిచి, ఆగస్టులో, దారి పాతదే, రేవు పాతదే అని రిపోర్టిచ్చాడు. కంచెకు అనుమతి రాలేదు. దామోదర్ ఫైలుకు ఏమీ కాలేదు. ఎప్పటి నత్తనడకే.

హెరాల్డ్ పిలిచి, మొదటి ఫైలు తీసేసి, సరైనదాన్ని పుస్తకంలో వేద్దామన్నాడు. ఎవరి పరువూ పోదు. సుమతి ఒప్పుకోలేదు. రెండూ పక్కపక్కన వేయాలి, తప్పెలా జరిగిందో కింద రాయాలి, రెండింటికీ తన పేరుండాలి. ఆయన పైకప్పు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, చివరికి ఆ నాలుగు పేజీల సూచనలు రాసినది తనేనని ఒప్పుకున్నాడు.

"అయితే మీ పేరూ వేద్దాం" అంది సుమతి. వేశారు.

2010లో పుస్తకం వచ్చింది. లక్ష్మీనారాయణ గారు ఒక కాపీ కొని, సంఘం పిక్నిక్‌లో అందరికీ చూపించారు, మన అమ్మాయి అని. తర్వాత ఆవిణ్ణి పక్కకు పిలిచారు.

"అంతా బాగుంది గానీ తల్లీ, ఈ ఎడమవైపు పేజీ ఎందుకు? తప్పని మనమే రాసుకోవడం ఏమిటి?"

"నచ్చకపోతే మీ కాపీలో చింపేయండి అంకుల్" అంది సుమతి. "ఆ తర్వాత కుడివైపుది ఎందుకు నమ్మాలని ఎవరైనా అడిగితే, ఏం చూపిస్తారో మీ ఇష్టం."