కేస్ షీట్‌లో అమ్మ

దయ్యాన్ని చూశామన్నవాళ్లను నిలబెట్టి, ఏ రోజు, ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు అని అడిగే మనిషిని నేను. అందుకే ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది.

మా చెల్లెలు సరళ ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కుతుంది. అమ్మ నేర్పిన పని. పోయిన వానల్లో వేలిలో చెక్క పేడు దిగింది. పిన్నీసుతో లాగేసి, అమ్మ చేసినట్టే గాయం మీద చెక్క పొట్టు అద్దుకుని మళ్లీ పనిలో కూర్చుంది. నాలుగో రోజుకు చెయ్యి మోచేతి దాకా వాచింది. జ్వరం, వాంతులు.

ఫోన్ చేసింది. "అన్నం నిలవడంలేదక్కా. షుగర్ సూది ఏసుకోనా?"

"తినకుండా సూదేందే? కళ్లు తిరిగి పడతావు, మానెయ్," అన్నాను. చదువుకున్నదాన్ననే ధీమా.

మర్నాడు మధ్యాహ్నం సరళ మొగుడు, మా మరిది, ఆమెను నేనుండే ఆత్మకూరుకే, ఆసుపత్రికి తెచ్చాడు. ఒళ్లు కాలుతోంది, ఎగరొప్పుతోంది. నన్ను గుర్తుపట్టలేదు. సూది మానడమే కొంప ముంచిందని డాక్టర్ సెలైన్, ఇన్సులిన్ పెట్టారు. అయినా గుండె దడ తగ్గలేదు. ఎందుకో ఆయనకూ అంతుపట్టలేదు.

మరిదితో కలిసి మందులకని కిందికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి డాక్టర్ కేకలు. "థైరాయిడ్ బిళ్లలు మానేసిందని ముందే చెప్పరా? చీము రెండు జబ్బులనూ ఒకేసారి రేపింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు!"

"దానికి థైరాయిడే లేదు సార్. ఎవరు చెప్పినారు మీకు?"

నర్సు నన్ను వింతగా చూసింది. "మీ అమ్మే గదా మేడం! చూపుడువేలి కొస లేదే, ఆ పెద్దామె. ఇంతసేపూ మంచం పక్కనే ఉండాది. మీరు కిందికి పోయినాక చెప్పినాది."

అమ్మ పోయి ఆరేళ్లు. ఆ వేలి కొస ఉలి కింద పోయింది.

మందు మార్చి నెల్లూరు పంపారు. సరళ బతికింది. తెలివొచ్చాక అడిగాను.

"థైరాయిడ్ మూడు నెలల నుంచి ఉండాదక్కా. మా ఆయనకు గూడా చెప్పలా. గొంతు వాపు తగ్గిందని బిళ్లలు మానేసినా. షుగరొచ్చినప్పుడు నెలరోజులు తిట్టినావే, మళ్లీ నీ నోట్లో పడలేక..."

ఎవరో పక్క మంచం వాళ్ల తల్లి అయ్యుంటుందని నర్సుతో వాదించాను. మరి ఆమెకు బిళ్లల సంగతి ఎలా తెలుసు? కేస్ షీట్ జిరాక్స్ నా బీరువాలో ఉంది. సమాచారం ఇచ్చినవారు అన్నచోట, నా పేరు కింద, నర్సు రాతలో "తల్లి" అని ఉంది.

దానికి ఏ జవాబూ దొరకలేదు. చెల్లెలి ప్రాణం పోతున్నా, నేను గది దాటేదాకా అమ్మ నోరు విప్పకపోవడానికి మాత్రం కారణం నాకు తెలుసు.