చిక్కటి కందెన

1999 మే నెలలో నన్ను అనంతపురం జిల్లాకు వేశారు. ఇంజన్ ఆయిల్ తయారుచేసే ఒక కంపెనీలో సర్వీస్ ఇంజనీరును. ఏరియా మేనేజరుకు కింద, సేల్స్ వాళ్లకు పైన. ఇద్దరి చేతా తిట్లు తినే హోదా అని మా ఆవిడ అనేది. ఆయిల్ అమ్మడం నా పని కాదు. ఏ బండికి ఏ ఆయిల్ పొయ్యాలో మెకానిక్ షెడ్లు తిరిగి చెప్పాలి. ఆయిల్ వల్ల ఇంజన్ చెడిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే వెళ్లి చూసి రిపోర్టు రాయాలి.

ఆ రోజుల్లో అక్కడ అద్దెకు తిరిగే కార్లలో పాత పెట్రోలు అంబాసిడర్లు చాలా ఉండేవి. మూడు నాలుగు చేతులు మారి, మీటరు ఆగిపోయి, ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగాయో ఎవరూ చెప్పలేనివి. అలాంటి ఇంజన్లో అరిగిన భాగాల మధ్య సందులు పెరుగుతాయి. పల్చటి ఆయిల్ ఆ సందుల్లో నిలవదు. కొంత పైకెక్కి పెట్రోలుతో పాటు కాలి, నీలం పొగగా బయటికి పోతుంది. డబ్బా మీద 20W-40 అని ఉంటుంది కదా, అందులో మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, రెండోది ఇంజన్ కాగాక ఎంత చిక్కదనం మిగులుతుందో చెబుతుంది. మామూలు బండికి 40 చాలు. బాగా అరిగిన బండికి, అందులోనూ అక్కడి ఎండలకి, 20W-50 మేలు. ఇంతే సంగతి.

ఈ ఇంతే సంగతిని తెలుగులో కరపత్రంగా రాయమని మేనేజరు అడిగారు. మాది తెనాలి వైపు, మా నాన్నగారు తెలుగు పండితులు. ఇంగ్లీషు మాట ఒక్కటి లేకుండా రాస్తానని పంతం పట్టాను. లూబ్రికెంటుకు నిఘంటువు వెతికి ‘కందెన’ అని పెట్టాను. “ఎక్కువ దూరం తిరిగిన పాత బండ్లకు చిక్కటి కందెన వాడండి.” అచ్చయి వచ్చాక రెండు మూడు సార్లు చదువుకుని మురిసిపోయాను కూడా. జిల్లా అంతా షెడ్ల గోడలకు అంటించాం.

అక్టోబరులో కళ్యాణదుర్గం నుంచి మస్తాన్ ఫోన్ చేశాడు. అక్కడ షెడ్డు నడిపే పాతకాలపు మెకానిక్కు, మాటల్లో పొదుపరి. “సార్, మీ కాగితం చూసి ఒకాయన ఇంజన్ పాడు చేసుకున్యాడు. వచ్చి చూడండి” అని పెట్టేశాడు.

వెళ్లేసరికి షెడ్డు ముందు తెల్ల అంబాసిడర్ ఉంది. దాని యజమాని హనుమంతప్పది కుందుర్పి. బోరు ఎండిపోయాక ఎద్దుల్ని అమ్మి ఆ కారు కొన్నాడు. కుందుర్పికీ కళ్యాణదుర్గానికీ మధ్య మనుషుల్ని తిప్పుతూ ఇల్లు నడుపుతున్నాడు. ఆ ఏడు శెనక్కాయ పైరు కూడా మాడిపోయింది. పక్కన పాత టైరు మీద ఆయన భార్య అంజినమ్మ కూర్చుని ఉంది. నేనెవరో మస్తాన్ చెప్పగానే ఆమె తలెత్తింది.

“ఇది లెయ్యకపోతే మేము బెంగుళూరు బస్సెక్కాల్సిందే. మట్టి పనికి” అంది.

ఏం పోశారని హనుమంతప్పను అడిగాను.

“ఆముదం సార్. మా చేను గట్టున పండిందే, ఇంట్లో కాంచింది.”

ఆముదం ఎందుకు పోశావయ్యా అని గొంతు పెంచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆయన గోడకేసి చూపించాడు. “నువ్వే కదప్పా రాసింది, పాత బండికి చిక్కటి కందెన అని? మా నాయన ఎద్దుల బండి ఇరుసుకు యేసింది అదే కదా. ఆముదంలో కాల్చిన గడ్డి బూడిద కలిపి యేసేవాడు, దాన్నే కందెన అంటాము. నేను బూడిద కలపలేదు. అంత తెలివి తక్కువోన్ని కాదు.”

మస్తాన్ అటు తిరిగి నవ్వుకున్నాడు. నిఘంటువులో నేను వెతికి పట్టుకున్న మాట ఆ మనిషి ఇంట్లో డబ్బాలో ఉంది. ఆయన నా కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. సిగ్గేసింది.

ఆముదం చెడ్డదేమీ కాదు, ఇరుసుకు బాగానే పనిచేస్తుంది. కానీ ఇంజన్లో మిగిలిన పాత ఆయిల్‌తో సరిగా కలవదు, వేడికి బంక కడుతుంది. నాలుగు రోజులు బాగానే తిరిగిందట, పొగ కూడా తగ్గిందట. ఐదో రోజు దారిలో, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పే ఎర్ర లైటు వెలిగింది. హనుమంతప్ప అక్కడికక్కడే ఇంజన్ ఆపేసి, ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు. ఇంకో రెండు మైళ్లు నడిపి ఉంటే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని సంపు అంటారు. దాన్ని విప్పితే, ఆయిల్ పీల్చే జల్లెడ నిండా బంక. బేరింగులు మాత్రం దెబ్బతినలేదు. అన్నీ కిరోసిన్‌తో కడిగి, ఫిల్టరు మార్చి, ముందు మామూలు 20W-40 పోసి నడిపాం. ఇంజన్ కాగాక ప్రెషర్ గేజి తగిలిస్తే ముల్లు చాలా కిందే ఊగింది. తర్వాత ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో కంప్రెషన్, అంటే గాలిని నొక్కిపట్టే బలం, ఎంతుందో చూశాం. మూడు బాగున్నాయి, నాలుగోది తక్కువ. దాంట్లో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ చూస్తే పెరిగింది. ఆ ఆయిల్ పిస్టన్ రింగుల సందును మూసింది. అంటే వాల్వులు కాదు, రింగులు అరిగాయి. ఒక్క సిలిండరే కాబట్టి ఇంజన్ మొత్తం విప్పనక్కర్లేదు.

మస్తాన్ ఇంకా చిక్కటి ఆయిల్ పోద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. మరీ చిక్కనిదైతే పొద్దున స్టార్టు చేయగానే పైదాకా ఎక్కదు, ఆ కాసేపట్లోనే అరుగుదల ఎక్కువ. అరగంట వాదించుకున్నాం. చివరికి నా జీపులో ఉన్న శాంపిల్ డబ్బాలు తెచ్చి 20W-50 పోశాను.

హనుమంతప్ప తాళం తిప్పాడు. ఎర్ర లైటు కాసేపు వెలిగే ఉంది. అంజినమ్మ టైరు మీంచి లేచి నిలబడింది. ఇంజన్ రెండు సార్లు దగ్గి అందుకుంది, లైటు ఆరిపోయింది. కాగాక చూస్తే ముల్లు ఉండాల్సిన చోట నిలబడి ఉంది. నాకు పట్టలేనంత సంతోషం వేసింది, దాచుకోవడం కూడా మర్చిపోయాను.

రోజూ పొద్దున డిప్ స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడమనీ, మిగిలిన బంక కూడా ఇందులోకి వస్తుంది కాబట్టి ఈ ఆయిల్ తొందరగా మార్చమనీ, దారి దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు వారానికోసారి దులపమనీ చెప్పాను. కాగితం మీద రాసిస్తానన్నాను.

“రాయొద్దులే సార్, నోటితోనే చెప్పు” అంది అంజినమ్మ.

మరి గోడ మీది కరపత్రంలో ఏం రాయాలని హనుమంతప్పనే అడిగాను. “ఇంజన్ ఆయిల్ అని రాయప్పా. డబ్బా మీద ఏ నంబరు ఉండాదో ఆ నంబరు రాయి. మాకు చదువు రాదా ఏమి?” అన్నాడు.

తప్పు యజమానిది కాదు, కరపత్రానిదని రిపోర్టులో రాశాను. మేనేజరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు కొత్తది అచ్చు వేయించారు. ఆ కారు ఆ తర్వాత ఆరేళ్లు కుందుర్పి దారిలో తిరిగింది. వాళ్లు బెంగుళూరు బస్సెక్కలేదు. నాకు మాత్రం జిల్లా షెడ్లన్నిట్లో ‘కందెన సార్’ అని పేరు పడింది, అక్కడ ఉన్నన్నాళ్లూ పోలేదు.

పాత ఇంజన్‌కు ఆయిల్ ఎంచాలంటే వేళ్ల మధ్య రుద్ది చూస్తే చాలదు. కాగినప్పుడు ప్రెషర్ ఎంత, కంప్రెషన్ ఎంత అని కొలిచి ఎంచాలి. అది నాకు ముందే తెలుసు. మాటను కూడా అలాగే, అది చదివే మనిషి దగ్గర పెట్టి చూడాలన్నది ఆ షెడ్డులో తెలిసింది. ఆ తర్వాత ఆ జిల్లాలో ఉన్నన్నాళ్లూ ఏ కాగితం అచ్చుకు పంపినా ముందు హనుమంతప్పకు చదివి వినిపించాను. రెండు సార్లు ఏదో ఒక మాట కొట్టేయమన్నాడు. రెండు సార్లూ కొట్టేశాను.