బస్సు దిగని మొక్కు

ఆ రోజుల్లో మా బోధన్ చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా కోపానికి కరువుండేది కాదు. చెరుకు కోతకు కూలీలు రాలేదని మా బాపుకు కోపం, తునికాకు సరిగ్గా నానలేదని బీడీలు చుట్టే మా అమ్మకు (మేం అవ్వ అంటాం) కోపం, ఇద్దరూ అరుస్తుంటే నిద్ర పట్టలేదని మా అక్కకు కోపం. నాకు మాత్రం ఏ కోపమూ నిలిచేది కాదు. నోటికొచ్చింది అనేసి, నలుగురినీ నవ్వించి, నాలుగు తగిలించుకుని మరిచిపోయేవాణ్ణి. ఒక్క కోపం మాత్రం తొమ్మిదో తరగతిలో వచ్చింది, ఇప్పటికీ పోలేదు. పదో తరగతి సగంలో బడి నన్ను వదిలేసింది (నేనే బడిని వదిలేశానని ఇంట్లోవాళ్ళంటారు). లెక్కలు పోయాయి, హిందీ పోయింది. నా చదువులో మిగిలింది ఆ కోపం ఒక్కటే, అందుకని జాగ్రత్తగా దాచుకున్నాను.

మా బడివాళ్ళు ఏటా యాత్ర పేరు చెప్పి నిజాంసాగర్ ఆనకట్టకే తీసుకెళ్ళేవారు. మా పొలాల్లోకి కాలువై వచ్చే నీళ్ళనే బస్సెక్కి పోయి చూసొచ్చేవాళ్ళం. నా తొమ్మిదో తరగతిలో కొత్తగా సోషల్ సారు వచ్చాడు. కోపం వస్తే ఆయన కనుబొమ్మలు లేచి జుట్టులో కలిసిపోయేవి, అందుకే కనుబొమ్మల సారు అని పేరు పెట్టాం. ఆయన ఆనకట్టను కొట్టేసి, కరీంనగర్ దాటాక ఉన్న ఒక బౌద్ధ స్తూపానికి పోదామన్నాడు. స్తూపమంటే ఏమిటో వివరంగా చెప్పాడు కూడా. పెద్ద మట్టిదిబ్బలా ఉంటుందట. అక్కడ ఒక రాతిపలక మీద, వానలో బుద్ధుడికి పడగ పట్టిన ఐదు తలల పాము చెక్కి ఉంటుందట. ఈ మాట ఇంకెక్కడి పిల్లలకు చెప్పినా నష్టం లేదు. చెరుకు తోటల మధ్య పుట్టినవాళ్ళకు చెప్పాడు. చెరుకులో చెయ్యి పెట్టేముందు పామును తలుచుకోని ఇల్లు మా దగ్గర లేదు. దిబ్బ ఉంది, దాని మీద నాగన్న ఉన్నాడు. ఇంకా అర్థం కావలసిందేముంది? అది పుట్ట. నాగుల పంచమికి మేం పాలు పోసే పుట్టలకు అది పెద్దన్న.

మా ఇంట్లో అయితే ఆ మాట ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ కోతల్లోనే మా బాపును పాము కరిచింది. నిజామాబాద్ దవాఖానాలో పెట్టి బతికించుకున్నాం. బాపు కళ్ళు తెరిస్తే నాగన్నకు పసుపూ పాలూ ఇస్తానని అవ్వ మొక్కుకుంది. పంచమి దాకా ఆగుదామనుకున్న మనిషి ఐదు పడగల సంగతి వినగానే ఆగలేకపోయింది. పొద్దున్నే నా సంచిలో పసుపు కుంకుమల పొట్లం పెట్టి, కూల్‌డ్రింకు సీసా నిండా పచ్చిపాలు పోసి ఇచ్చింది. "రాయికింత పసుపు వెట్టు, పాలు వొయ్యి, మీ బాపు పేరు చెప్పు. మర్సిపోయినవనుకో, ఇంట్లకు రాకు బిడ్డా" అంది. బిడ్డా అన్న మాట ఒక్కటే మెత్తగా ఉంది.

బస్సు ఆర్మూర్ దాటేసరికి ఎండ ముదిరింది, మెట్‌పల్లి దాటేసరికి పాలు విరిగాయి. వాసన ముందు సీటు దాకా పోయింది. సారు లేచి సంచులు వెతికించాడు. నా సీసా ఒక్కటే అనుకుంటే పొరపాటు. ప్రతి సంచిలోంచీ ఒక పొట్లం వచ్చింది. ఒకమ్మాయి దగ్గర రెండు కోడిగుడ్లు, నా జతగాడు బొండాం దగ్గర కొబ్బరికాయ, అగరొత్తులు. (వాడు అగ్గిపెట్టె మాత్రం మరిచాడు, వాడెప్పుడూ అంతే.) ముందు సీటు జాతరలో దుకాణంలా తయారైంది. కనుబొమ్మలు పైకెళ్ళిపోయాయి. మనం పోయేది జాతరకా చదువుకోవడానికా అని ఆయన బస్సంతా గద్దించాడు. అప్పుడు నోరు మూసుకుంటే నేను నేనెందుకవుతాను?

"పరీక్షల వచ్చేది పామా, బుద్ధుడా సార్? ఎవలొస్తె ఆళ్ళకే మొక్కుతం" అన్నాను.

బస్సు పగలబడి నవ్వింది. డ్రైవరన్న కూడా స్టీరింగు మీద పడి నవ్వాడు. సారు నవ్వలేదు. నన్ను బస్సు దిగొద్దన్నాడు, ఆ పొట్లాలన్నిటికీ కాపలా కూర్చోమన్నాడు. "సార్, నవ్వులాట కాదు. మా బాపును పాము కరిసింది. మొక్కున్నది, నన్ను దిగనియ్యుండ్రి" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను నవ్వులాట లేకుండా మాట్లాడింది అదే మొదటిసారి. దానికే బస్సు అంతకుముందుకంటే ఎక్కువ నవ్వింది. (హోంవర్కు చేయనప్పుడల్లా ఆ పామునే సాకుగా చెప్పిన మాట నిజమే. అయినా కరిచిన పాము కరవకుండా పోతుందా?)

అందరూ దిగారు. డ్రైవరన్న గురక పెట్టాడు. విరిగిన పాలు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి ఆ దిబ్బను చూస్తూ కూర్చున్నాను. కనుబొమ్మల సారును తిట్టాను, నవ్విన వాళ్ళను పేరు పేరునా తిట్టాను, తిట్లు అయిపోయాక విరిగినందుకు పాలను తిట్టాను. పరుగెత్తుకెళ్ళి ఆ రాయికి చిటికెడు పసుపు అద్ది రావడానికి ఎంతసేపు పడుతుంది? బొండాం తిరిగొచ్చి పక్కన కూలబడ్డాడు. ఏం చూశావురా అంటే, "ఏముందిరా, మన్ను" అన్నాడు. చూడాలనుకున్నవాణ్ణి బస్సులో కూర్చోబెట్టి, మన్ను కనిపించేవాణ్ణి పంపారు. వాణ్ణి అక్కడే కొట్టేవాణ్ణి, చేతిలో సీసా ఉండబట్టి ఆగాను.

మరుసటి రోజు అవ్వ బడికొచ్చింది. ఒక్కతే రాలేదు, బాపును వెంటబెట్టుకుని వచ్చింది. స్టాఫ్ రూములో సారు ముందు బాపు ప్యాంటు మోకాలి దాకా పైకి లాగి, నల్లబడ్డ గాటు చూపించింది. "సూడు సారూ. గిది నవ్వులాటనా?" అంది. బాపు ఒంటికాలి మీద కొంగలా నిలబడి సిగ్గుతో కిటికీ వైపు చూస్తున్నాడు. సారు కనుబొమ్మలు కిందికి దిగడం నేను మొదటిసారి చూశాను.

"నాకు తెల్వదమ్మా" అన్నాడాయన. "కానీ పాలు, పసుపు వడితె చెక్కుడు ఖరాబైతది. రెండు వేల ఏండ్ల రాయి అది."

"గా ముక్క పోరనికి చెప్తె, దూరంకెళ్ళి దండం వెట్టి వచ్చేటోడు గద. బస్సుల కట్టేస్తరా?"

నాకు ప్రాణం లేచొచ్చింది, కానీ గేటు దాటగానే అవ్వ నా వైపు తిరిగింది. రోజూ నవ్వులాటలాడేవాడి నిజాన్ని ఎవడు నమ్ముతాడని ఇంటిదాకా తిట్టింది. ఆ ఏడు పాలు మా ఊరి పుట్టకే పోసింది కానీ, ఐదు పడగలవాడికి బాకీ పడ్డామనే మాట మాత్రం వదల్లేదు.

ఇప్పుడు బోధన్, నిజామాబాద్ మధ్య ఆటో తోలుతున్నాను. పోయిన వేసవిలో కరీంనగర్ అవతల చుట్టాల పెళ్ళికి పోయాం. బాపు భోజనాల దగ్గర ఆగిపోయాడు, నేను అవ్వను తీసుకుని స్తూపం దగ్గరికి వెళ్ళాను. "గింతేనా? దీనికోసమా గంత లొల్లి?" అంది అవ్వ. నాకు మళ్ళీ కోపం వచ్చింది. పలక దగ్గరికి వెళ్ళాం. ఐదు పడగలూ విప్పి, ఇన్నేళ్ళుగా నా కోసమే కాచుకున్నట్టు ఉన్నాడు నాగన్న. అవ్వ కొంగుముడి విప్పింది, పసుపూ కుంకుమా తీసింది, చెయ్యి చాచింది.

"ముట్టకు అవ్వా, ఖరాబైతది. రెండు వేల ఏండ్ల రాయి అది" అన్నాను, గద్దించినట్టే.

అవ్వ ఆగి నా మొహంలోకి చూసింది. "నీ కనుబొమ్మలేడికి వొయినయిరా?" అంది. తర్వాత దూరం నుంచే దండం పెట్టి, బాపు పేరు చెప్పి, చేతిలో ఉన్న పసుపూ కుంకుమా తెచ్చి నా నుదుటికి పెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సు అద్దంలో చూసుకున్నాను. బొట్టుకు పైన ఆ కనుబొమ్మలు ఇంకా దిగలేదు. సారు మీద కోపం అలాగే ఉంది, కానీ తీర్చుకుందామంటే ఎదురుగా కనిపిస్తున్నది నేనే. ఒళ్ళో విరిగిన పాలు పెట్టుకున్న ఆ తొమ్మిదో తరగతి పోరడు ఈ మొహం చూస్తే ఊరుకోడు. ఏమంటాడో కూడా నాకు తెలుసు. పామొచ్చినా, బుద్ధుడొచ్చినా, కనుబొమ్మల సారే వచ్చినా, ఎవలొస్తె ఆళ్ళకే మొక్కుతం అంటాడు.