దవడకు సోకిన గాలి

సెర్బియాలోని చాచక్ ఊళ్ళో విదోసవకు పాములంటే భయం లేదు, పోలీసులంటే భయం లేదు. ఎదురెదురు కిటికీల మధ్య వీచే గాలంటే మాత్రం హడలు. ఆ గాలిని అక్కడ ప్రొమాయ అంటారు, తగిలితే జబ్బు ఖాయమంటారు. సెర్బులందరికీ ఆ భయం ఉన్నదే గానీ, విదోసవ దాన్నొక ఉద్యోగంలా చేసింది. బస్సు కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ, జులై ఎండలో కూడా ఎవరైనా రెండో కిటికీ తెరిస్తే టికెట్లు చింపడం ఆపి మరీ వెళ్ళి మూసేది. జనం చెమటలో ఉడికిపోయేవారు. తన బస్సులో ఒక్కరికీ మెడ పట్టలేదని ఆమె గర్వం.

భర్త తిహోమిర్ మెతక మనిషి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంట్లో ఒక్క కిటికీ గాలితోనే సరిపెట్టుకున్నాడు.

ఆ వేసవిలో ఆమెకు కింది దవడ పన్ను సలపడం మొదలైంది. తెల్లారేసరికి చెంప బూరెలా పొంగింది.

“స్నానాలగది కిటికీ ఎవరు తీశారయ్యా?”

“నేనే. ఉక్కపోస్తోంటేనూ.”

“అదీ సంగతి. నా దవడకి గాలి కొట్టింది. నన్ను చంపి ఎవత్తెను తెచ్చుకుందామనో.”

“పన్నేమోనే. డాక్టరుకి చూపిద్దాం.”

“పన్నుకేం తెలుసు, నీకేం తెలుసు?”

ఉన్ని శాలువా తలకు చుట్టుకుంది. ప్లమ్ పళ్ళ సారాలో ముంచిన గుడ్డ చెంపకు వేసుకుంది. కాస్త సారా పుక్కిలించి, ఉమ్మడం పాపమని మింగేసింది.

మర్నాటికి వాపు గడ్డం కిందికి పాకి, రెండు వైపులా చెక్కలా గట్టిపడింది. నోరు తెరుచుకోవడం లేదు. నాలుక పైకి లేచి అడ్డం పడింది, చొంగ కూడా మింగలేకపోతోంది. అయినా ముద్దముద్దగా మొగుణ్ణి తిడుతూనే ఉంది. సగం తిట్లు అర్థం కాక అతను సుఖంగానే ఉన్నాడు. మధ్యాహ్నానికి ఆ తిట్లూ ఆగిపోయాయి. పడుకుంటే ఊపిరాడక కూర్చునే ఉంది.

తిహోమిర్ ఆమెను కారెక్కించి, అలవాటు కొద్దీ అద్దాలన్నీ బిగించాడు. వంతెన దగ్గర విదోసవ శాలువా పీకి పారేసి, తన వైపు అద్దం పూర్తిగా దించింది. చాలక, అతని వైపుదీ దించమని భుజం మీద కొట్టింది. గాలి ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి హోరున పోతోంటే దానికి మొహం అడ్డంపెట్టి నోరు తెరవబోయింది. అప్పుడు తిహోమిర్‌కు నిజంగా భయం వేసింది. ఎర్రదీపాలు కూడా చూడకుండా తోలాడు.

ఆసుపత్రిలో పడుచు డాక్టరమ్మ గడ్డం కింద ఒక్కసారి నొక్కి చూసింది.

“పంటి చీము మెడలోకి దిగిందండీ. ఊపిరి దారి మూసుకుపోతోంది. ఇంకాస్త ఆగితే గుండెల్లోకి దిగేది. ఇంతదాకా ఏం చేశారు?”

“కిటికీలు మూశామమ్మా,” అన్నాడు తిహోమిర్.

గొంతు కింద చిల్లు చేసి గొట్టం వేశారు. మెడ కోసి చీము తీశారు, పన్ను పీకేశారు. ఆ గొట్టం ఉన్నన్నాళ్ళూ విదోసవ నోట మాట లేదు. అంత నిశ్శబ్దం తిహోమిర్ ఎన్నోసార్లు కోరుకున్నదే. దొరికాక ఒక్క పూట కూడా భరించలేకపోయాడు.

గొట్టం తీసిన రోజు డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది, గాలి కాదు, పుచ్చుపన్నే కారణమని. విదోసవ చిల్లులోంచి గాలి పోకుండా మెడకట్టు మీద వేలు నొక్కి పెట్టుకుని బొంగురుగా మాట్లాడింది.

“పన్నే, కాదనను. చలిగాలి కొట్టందే పన్నెందుకు పుచ్చుద్దమ్మా?” తర్వాత మొగుడి వైపు తిరిగింది. “తలుపూ కిటికీ బార్లా తీసుకుని కూర్చున్నావే, బుద్ధుందా?”

తిహోమిర్ లేచి కిటికీ మూశాడు. కళ్ళు తుడుచుకునేదాకా ఇటు తిరగలేదు.