మీరేమిట్లండీ?

అమలాపురంలో ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు నన్ను ఆపిన ప్రశ్న ఒక్కటే. అద్దె గురించీ నీళ్ల గురించీ మాటలయ్యాక, గేటు దాకా సాగనంపుతూ, ఇంటివాళ్లు ఎంతో మర్యాదగా అడిగేవారు: "మీరేమిట్లండీ?" కులం అన్న మాట నోట రానివ్వకుండా కులం అడిగే పద్ధతి అది.

తాతయ్యకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం రాజోలు అవతల ఉన్న మా ఊరి నుంచి బస్సులో తిప్పితే ఆయన ఎక్కువకాలం తట్టుకోలేరని డాక్టరుగారు చెప్పారు. అమలాపురం ఆసుపత్రి దగ్గర రెండు గదులు దొరికితే మరికొన్నాళ్లు బతుకుతారు. అప్పటికి నేను అక్కడే ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే.

నేను చెప్పే పాఠాల్లో ఈ పేర్ల చరిత్ర కూడా ఉంది. తెల్లదొరలు ముక్కులు కొలిచి, ఒంటి రంగు చూసి, మనుషులను ఆర్యులనీ ద్రావిడులనీ జాతులుగా విడదీశారు. మా పెద్దలు ఆ విభజననే తిరగేసి పట్టుకున్నారు. ఆర్యులు తరవాత వచ్చినవాళ్లయితే ముందునుంచీ ఉన్నది మేమే కదా అని, 'ఆది ఆంధ్ర' అన్న పేరు పెట్టుకున్నారు. ఇతరులు జాలిపడి 'హరిజన' అన్నారు. ప్రభుత్వం 'షెడ్యూల్డ్ కులం' అంది. నా తరం 'దళిత' అంటోంది. ఈ మాట మాత్రం తాతయ్యకు నచ్చేది కాదు. విరిగిపోయినవాణ్ణని తన నోటితో తానెందుకు చెప్పుకోవాలని అడిగేవారు. తండ్రి నేర్పిన 'ఆది ఆంధ్ర'నే, ఉతికిన పంచె కట్టుకున్నంత శ్రద్ధగా పలికేవారు.

ఆఖరున చూసిన ఇల్లు ఆసుపత్రి వెనక వీధిలోనే ఉంది. ఆ రోజు డయాలసిస్ అయ్యాక తాతయ్యను కూడా ఆటోలో తీసుకువెళ్లాను. ఇంటావిడ పెద్దావిడ. ఆయన నీరసం చూసి అరుగు మీద కుర్చీ వేయించారు. నాకు ఆశ పుట్టింది. గదులు చూశాం, మాటలయ్యాయి, తరవాత ఆ ప్రశ్న వచ్చింది. కాలేజీలో పని చేస్తానంటూ నేను దాటవేయబోతుండగా తాతయ్య అందుకున్నారు.

"ఆది ఆంధ్రులమండీ."

ఆవిడ ముఖంలో కోపమేమీ లేదు. ఆయ్ అన్నారు. వాళ్లబ్బాయిని కనుక్కుని ఫోను చేయిస్తామన్నారు. పెరట్లోని కొబ్బరిచెట్ల మీదికి తాతయ్య చూపు పోవడం గమనించి, ఏం పని చేసేవారని అడిగారు. దింపులు తీసేవారని తెలిసి నిజంగానే సంతోషించారు. చెట్టెక్కి కాయలు దింపేవాళ్లు ఈ రోజుల్లో దొరకడం లేదట.

"మీ పేటలో ఎవరైనా ఉంటే పంపించండి. మీకు పుణ్యముంటుంది."

"ఆయ్, పంపుతానండీ," అన్నారు తాతయ్య.

మేము ఊరికి ఎడంగా ఉండే పేటలో ఉంటామని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. మా పెద్దలు అంత ఆలోచించి కట్టుకున్న పేరు ఆ గుమ్మం దాటలేదు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపు నుంచి నాకేసి తిరిగి అడిగారు.

"చదువుకున్నావు కదమ్మా. మనం మొదటివాళ్లమేనా?"

అబద్ధం చెప్పలేకపోయాను. రుజువులు లేవనీ, పండితులు ఒక మాట మీద లేరనీ, మనుషులను జాతులుగా విడదీయడమే తప్పని ఇప్పుడు అంటున్నారనీ, క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"పోనీ, రెండోవాళ్లమని ఎవరైనా రాసేరా?"

హాస్యమాడుతున్నారేమోనని ముఖం చూశాను. కాదు.

ఫోను రాలేదు. తిరగగలిగినన్నాళ్లు బస్సులోనే తిరిగారు. వానలు పట్టాక ఇక రానన్నారు. నేనెంత బతిమాలినా వినలేదు. మంచం పట్టాక కూడా ఆవిడకిచ్చిన మాట గుర్తు పెట్టుకుని పేటలోంచి ఇద్దరిని దింపుకు పంపారు. వాళ్లు సాయంత్రానికి తిరిగొచ్చి, చెట్లు బాగా కాశాయని చెప్పారు. వీధివైపు రెండు గదులూ ఇంకా ఖాళీగానే ఉన్నాయట. కాయలు వాటిలోనే రాశి పోయించారట.

ఆ గదుల్లోకి గాలి బాగా వస్తుందా అని తాతయ్య అడిగారు.

బాగానే వస్తుందన్నారు వాళ్లు. ఆయన తలాడించి, గోడవైపు తిరిగి పడుకున్నారు.