బొమ్మ లేని గడికి బొట్టు

దేశంకాని దేశంలో, యూ టీ అనే పేటలో, మా అమ్మాయి ఫ్లాట్‌లో పగలంతా నేనొక్కదాన్నే. కంప్యూటర్ ఉద్యోగాలు జోరు మీదున్న రోజులవి. కూతురూ అల్లుడూ చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాళ్ళు. బడి నుంచి వచ్చిన మనవరాలు ఇంగ్లీషులో రెండు ముక్కలు విసిరి గదిలోకి పోయేది. నేనా, యాభై దాటాక రాత్రిబడిలో తెలుగు అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఇంగ్లీషు నాకెక్కడిది?

అలాంటి పిల్ల ఒక వారం నా పక్కన కూర్చుంది. ఇంగ్లీషు నాటకాలు రాసిన ఓ పేరుమోసిన పెద్దమనిషి కుటుంబం మీద బడికి చార్టు చెయ్యాలట. హాల్లో నేల మీద పరుచుకుని, ఇంగ్లీషులో చదివి, నాకు తెలుగులో చెప్పేది.

"వాళ్ళ నాన్న గ్లవ్స్ కుట్టేవాడు అమ్మమ్మా. సైన్ చెయ్యడు, జస్ట్ ఒక మార్క్ పెడతాడు."

"అయితే మా నాన్న బాపతే. వేలిముద్ర గాడు!"

పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం పొద్దుటి నుంచీ కాచుక్కూర్చునేదాన్ని.

ఆ నాటకాలాయన పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో ఉంచి, పట్నంలో నాటకాలాడించుకున్నాడట. పదకొండేళ్ళ కొడుకు పోయాడట. చార్టు మీద ఆ పిల్లాడికి ఖాళీ గడి, కింద పేరు. బొమ్మ ఎక్కడా దొరకలేదంది.

మర్నాడు దేవుడికి దీపం పెట్టి, మా పోయినవాళ్ళ పటాలకు బొట్లు పెట్టాను. వీడికి పటమైనా లేదే అనిపించింది. కుంకుమ తడిపి ఆ గడిలో పెట్టాను. కాగితం పీల్చి, ఎర్రగా పాకింది.

సాయంత్రం చూసి, మాట చివర అక్కడివాళ్ళ 'లా' తగిలించి మరీ కేక పెట్టింది. "అమ్మమ్మా! రేపే సబ్మిట్ చెయ్యాలి లా!"

"పోయినవాడేగా. బొట్టు లేకుండా ఉంచుతామా?"

"హీ ఈజ్ నాట్ అవర్ ఫ్యామిలీ!"

"వారం నుంచి మన హాల్లోనే పడుకున్నాడు. ఎవరి ఫ్యామిలీయే మరి?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గదిలో తలుపేసుకుని కొత్త చార్టు చేసుకుంది. పాతదాన్ని చెత్తలో వెయ్యబోతే లాక్కున్నాను. బొట్టు పెట్టినదాన్ని పారే నీళ్ళలో వదలాలి. ఇక్కడ కాలవలో కాగితం వేస్తే జరిమానా. మడిచి దేవుడి అరలో పెట్టాను.

ఆ తర్వాత ప్రాజెక్టులన్నీ అది తలుపు మూసుకునే చేసుకుంది. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. రోజూ మావాళ్ళతోపాటు ఆ దొరబిడ్డకీ ఓ పువ్వు పెట్టి, కూర ఏం వండానో చెప్పేదాన్ని. నా తెలుగు వినేందుకు ఆ ఇంట్లో పగలు వాడొక్కడే మిగిలాడు.