మునెమ్మ పెట్టెలో దొరికిన బొమ్మ

గత ఏడాది దసరాకు పదకొండు రోజుల ముందు, బుధవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ఇదంతా మొదలైంది. గోడ గడియారం చూసి నోట్సులో రాసుకున్నాను. దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఇప్పుడూ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రిటైరయ్యాక తిరుపతిలో ఉంటూ పాత బొమ్మలు సేకరిస్తున్నాను. ముఖ్యంగా కాంపోజిషన్ బొమ్మలు. రంపపొట్టు, జిగురు కలిపి అచ్చులో నొక్కి, ఎండాక రంగు పూసేవాళ్లు. చూడ్డానికి పింగాణీలా ఉంటాయి కానీ చేతికి చల్లగా తగలవు. గోటితో తడితే చెక్క మోత వస్తుంది. రంగు మీద సన్నటి నెర్రెలుంటాయి. ఏ రెండు బొమ్మల నెర్రెలూ ఒకేలా ఉండవు. నా దగ్గర నలభై ఒకటి ఉన్నాయి. ప్రతి బొమ్మకూ ఎత్తు, బరువు, నెర్రెల పటం గీసి పెట్టుకున్నాను.

ఆ బుధవారం వడమాలపేట నుంచి చెంగమ్మ అనే ఆమె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పాతచీర మూట విప్పి బొమ్మను నా ముందు పెట్టింది.

"మా అత్త మునెమ్మ పెట్టెలో ఉండింది టీచరమ్మా. పోయిన నెల కాలం చేసినాది. చావబోయే ముందు నన్ను పిలిచి, నేను తియ్యలా, ఇది ఈడికెట్ల వచ్చిందో ఎరగను, బొమ్మ మాత్రం వాళ్లదే, ఇచ్చేసిరా అనింది."

మునెమ్మ పుత్తూరులో ఐదో తరగతిలో నా పక్కన కూర్చున్న పిల్ల. వాళ్లమ్మ మా ఇంట్లో నీళ్లు తోడేది. బొమ్మ నా చెల్లెలు వనజది. మా నాయన మద్రాసు నుంచి తెచ్చాడు.

గౌను విప్పి వీపు చూశాను. 'వన' అని రెండు అక్షరాలు సూదితో గీసి ఉన్నాయి. మూడోది గీసేలోగా అమ్మ వనజ చేతిలోంచి సూది లాక్కుంది. కుడి కాలి బొటనవేలి మీద వనజ పాలపళ్ల గాట్లు నాలుగు. లెక్కపెట్టాను.

ఇది ఆ బొమ్మే. అయితే ఆ బొమ్మ లేదు. దాన్ని నేనే చంపాను.

మా ఇంట్లో దసరా బొమ్మల కొలువుకు ముందు మరపాచి చెక్కబొమ్మలకు తలంటు పోసేవాళ్లం. నూనె రాసి, కుంకుడు రసంతో రుద్ది, ఎండలో పెడితే ఎర్రచందనం మెరిసేది. అరవై మూడేళ్ల కింద, పదేళ్ల వయసులో, వాటితోపాటు వనజ బొమ్మకూ తలంటు పోశాను. కాసేపటికి బొమ్మ చేతులు ఉబ్బాయి. ముఖం మీద రంగు పొరగా లేచింది. పట్టుకుంటే నానిన తవుడులా వేళ్ల సందుల్లోంచి జారింది. పశువుల కొట్టం వెనక గుంట తీసి పూడ్చేశాను. కళ్లు మాత్రం దాచుకున్నాను. బొమ్మను పడుకోబెడితే రెప్పలు వాలే రెండు నీలం రేకు కళ్లు, వాటిని కలిపే కడ్డీ, కింద సీసపు ముద్ద.

బొమ్మ ఏదని అమ్మ అడిగింది. మునెమ్మ పట్టుకుపోయిందని చెప్పాను.

ఆ కళ్లు ఈనాటికీ నా దగ్గర ఒక చిన్న డబ్బాలో ఉన్నాయి. తీసి బొమ్మ పక్కన పెట్టాను. ఎడమ రెప్ప మీద వనజ గీసిన గీత, నాలుగు మిల్లీమీటర్లు. బొమ్మ ఎడమ రెప్ప మీదా అదే గీత, నాలుగు మిల్లీమీటర్లు. భూతద్దంతో మూడుసార్లు చూశాను.

నేను నోరు మూసుకుంటే ఆ బొమ్మే సాక్ష్యం. మునెమ్మ దొంగగానే మిగిలిపోతుంది. చెంగమ్మను కదలవద్దన్నాను. వనజకు ఫోను చేశాను. తనూ తిరుపతిలోనే ఉంటుంది. పన్నెండుంబావుకు ఆటోలో దిగింది.

బొమ్మను చూడగానే ఒళ్లో పెట్టుకుంది. "సూసినావా అక్కా! అరవై ఏండ్లు కడుపులో పెట్టుకున్నట్టు దాచుకోనుండాది దొంగముండ."

చెంగమ్మ తల వంచుకుంది.

"మునెమ్మ తియ్యలేదు. నేనే నీళ్లు పోసి కరగబెట్టినాను. గుంటలో పూడ్చినాను" అన్నాను.

వనజ నవ్వింది. "కరిగిపోయిన బొమ్మ నా ఒళ్లో కూర్చోనుండాదే! లెక్కలు చెప్పి చెప్పి నీకు మతి పోయినాది."

డబ్బాలోని కళ్లు చూపించాను.

"నీ ఇంటినిండా బొమ్మలే గదా. ఏ బొమ్మ కండ్లు పీకినావో!"

మళ్లీ చెప్పాను. మొదటి నుంచి, ఏదీ వదలకుండా. వనజ వినలేదు. అప్పుడు చెంగమ్మ నావైపు తిరిగింది.

"అయితే మా అత్త తియ్యలేదు గదమ్మా?"

"తియ్యలేదు."

"ఆ మాట కాయితం మీద రాసియ్యండి. మావాళ్లందరికీ సదివి వినిపించాల."

అక్కడే రాశాను. తేదీ, సమయం వేసి సంతకం చేశాను. సాక్షి సంతకం పెట్టమంటే వనజ పెట్టలేదు. బొమ్మను చీరకొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. చెంగమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని రవికెలో పెట్టుకుంది.

ఒకే అచ్చులో నొక్కిన రెండో బొమ్మ అంటారేమో. అచ్చు పళ్ల గాట్లు పెట్టదు, తెలుగు అక్షరాలు గీయదు. నా జ్ఞాపకం తప్పంటారేమో. కళ్లు ఇప్పటికీ డబ్బాలో ఉన్నాయి. ఏడాదిగా ఆలోచిస్తున్నాను. లెక్క తేలలేదు.

తేలినంతవరకు ఇది.

వనజకు పోయింది ఒక బొమ్మ. అది దొరికింది.

మునెమ్మకు పోయినవి: ఐదో తరగతి, దసరా తర్వాత మొత్తం. ఆపైన చదవాల్సిన తరగతులన్నీ. వాళ్లమ్మకు మా ఇంటి పని, మా మాట విని మాన్పించిన ఇంకో మూడిళ్ల పని. పుత్తూరులో ఇల్లు. అరవై రెండేళ్లు దొంగ కాదనిపించుకునే వీలు.

నాకేమీ పోలేదు.